ముప్పయ్యొక్క రాళ్ల చుట్టు

చుట్టు 411. తిరుగుళ్లు 17,604. పంక్చరు లేదు. పొగ లేదు.

చక్రపు పుస్తకంలో ఇంతకు మించి ఒక్క అక్షరం రాయకూడదని జట్టుపెద్ద పీరమ్మత్త ఆజ్ఞ. కాగితం కరువు కాబట్టి. నేను ఆజ్ఞలకు తలవంచే రకాన్ని కాను కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ గండిమల చుట్టు మూడు గంటల ఇరవై నిమిషాల్లో తొక్కాను. ఇంత తొందరగా ఎవరూ తొక్కలేదు. పదకొండో రాయి దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కేశాను. అవతలి దిగుడులో గులకరాళ్లు చక్రం కింద చిటపటమంటుంటే బ్రేకు ముట్టుకోలేదు. షెడ్డుకు రాగానే పాత పేజీలు తీశాను. నా ముందు ఇరవై రెండేళ్లు ఈ చుట్టు తొక్కిన మద్దిలేటి మామ ఎంతసేపు తీసుకునేవాడో జట్టులోని కాశింకు చూపించి, వాడి నోరు మూయించాలని.

మామ వేళలు చూడాలనుకున్న నా కన్ను మామ తిరుగుళ్ల మీద పడింది. 18,240. మరుసటి రోజు, 18,240. వానరోజు 18,241. ఇరవై రెండేళ్లు అదే అంకె, అదే చేతిరాత.

నాది 17,604.

చక్రం అదే కొలత. మీటరు అదే. కొండ అదే. మరి ఆరువందల ముప్పయ్యారు తిరుగుళ్లు ఏమయ్యాయి? ఒక్కో తిరుగుడుకు రెండు మీటర్ల పైచిలుకు. అంటే పదమూడు వందల మీటర్ల బాట, మైలుకు కాస్త తక్కువ, ఈ భూమ్మీద లేదు. చెప్పు పోతే వెతుక్కుంటాం. మేక పోతే వెతుక్కుంటాం. మైలు బాట పోయింది, ఎవరికీ తెలియలేదు.

మిగతా ఐదుగురి మీటర్లూ చూశాను. అందరివీ పదిహేడు వేల ఆరువందల దగ్గరే. అంటే నేను గొప్పగా తొక్కలేదు. చుట్టే చిన్నదైపోయింది.

చుట్టు 412. తిరుగుళ్లు 17,604. పంక్చరు ఒకటి. పొగ లేదు.

షెడ్డులో గొడవ. మొదలుపెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను.

"టైరుకు గాలి ఎక్కువ కొట్టించింటావు. చక్రం ఉబ్బితే తిరుగుళ్లు తగ్గవా?" అంది పీరమ్మత్త, చైనుకు నూనె రాస్తూ, తలెత్తకుండా.

"తాడు పెట్టి కొలిచానత్తా. వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరో మన కొండను అంచుల్నించి కోసుకుపోతున్నారు."

"కోసుకపోనీకి కొండేమన్నా చీర కొంగా మే?" అన్నాడు కాశిం. అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఉప్పుబండిలో వచ్చే కరపత్రాలు పద్నాలుగు చదివాను నేను. తొమ్మిదో నంబరులో స్పష్టంగా ఉంది: నేల ముందు అంచుల్లో పోతుంది, అంచు పోయిన సంగతి నడుమ ఉన్నవాడికి చివర్న తెలుస్తుంది. ఈ మాట అరిచి చెప్పాను. గీకుడుబండిని ఎవరో వెనకనుంచి నడిపిస్తున్నారు, సమాధానం వచ్చేదాకా ఎవరూ చుట్టు తొక్కొద్దు, సమ్మె చేద్దాం అన్నాను.

"యార్ని అడుగుతావే సమాధానం?" అంది పీరమ్మత్త. "కచేరిలో మనుషులు ఉండారా? మా జేజి పుట్టకముందే ల్యాకపోయిరి. గీకుడుబండికి నోరుండాదా? అగ్గిపిట్టలకు చెవులుండాయా? సమ్మె చేసి యారికి సూపిస్తావు, కోతులకా?"

నిజమే, ఈ బండ్లను పెట్టిన కచేరిలో ఇప్పుడు మనుషులు లేరు. బండ్లు మాత్రం ఎండ తాగి నడుస్తూనే ఉన్నాయి. ఎద్దంత గీకుడుబండి నాలుగు రోజులకోసారి కొండచుట్టూ తిరిగి అగ్గిబాటను గీకి శుభ్రం చేస్తుంది. ఎండలు ముదరబోయే ముందు అగ్గిపిట్టలనే ఎగిరే బండ్లు లేచి, ఆ బాటకు బయట ఫర్లాంగు వెడల్పున ఉన్నదంతా కాల్చేస్తాయి, మైదానంలో లేచిన మంట వేసవిలో కొండ మీదికి పాకకుండా. బాటకు లోపల మా పల్లె, అడవి, ఊటలు. వాటిని పిట్టలు ముట్టుకోవు. లోపల ఏదో బయట ఏదో వాటికి చెప్పేది ఆ బాట ఒక్కటే. మేం ఆరుగురం గంట తేడాతో దాని మీద తిరిగి పొగ కనిపెడతాం.

అటువంటి బాటను ఎవరో లోపలికి జరుపుతున్నారంటే నవ్వుతారా?

చుట్టు 413. తిరుగుళ్లు 17,606. పంక్చరు లేదు. పొగ లేదు.

రెండు తిరుగుళ్లు ఎక్కువ ఎందుకయ్యాయో తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

ఎనిమిదో రాయి దాటాక కిందటివారం ఒక దుప్పి బాట నడుమ చచ్చిపడింది. అందరం దాన్ని తప్పించుకుని ఎడమకు వంగి, గడ్డిలేని బోడినేల మీదుగా పోయాం. నాలుగు రోజుల్లో నక్కలు దాన్ని ఎముక మిగల్చకుండా చేశాయి.

ఇవాళ అక్కడ దుప్పి లేదు. వంపు ఉంది.

సైకిలు పక్కన పడేసి నిలబడిపోయాను. అగ్గిబాట నేరుగా వచ్చి, అడ్డం ఏమీ లేని చోట ఎడమకు వంగి, గుండ్రంగా తిరిగి, మళ్లీ నేరుగా పోతోంది. చక్కగా గీకి, చదును చేసి, రెండు పక్కలా మట్టి ఒత్తి ఉంది. దుప్పి పడ్డ చోట అప్పుడే గరిక మొలక. లేని దుప్పికి బాట దారి ఇచ్చింది.

గీకుడుబండి దుప్పిని చూడలేదు. మా చక్రాల్ని చూసింది.

 

చుట్టు 414. తిరుగుళ్లు 17,606. పంక్చర్లు రెండు. పొగ లేదు.

తప్పయితే బాగుండునని పరీక్ష పెట్టాను. షెడ్డు వెనక మైదానంలో బోడినేల మీద ఒక బండచుట్టూ పది సార్లు తిరిగాను. నన్ను వెక్కిరించడానికి కాశిం పక్కనే గడ్డిలో ఒక రేగుచెట్టు చుట్టూ తిరిగాడు, నలభై సార్లు, పాట పాడుకుంటూ.

పొద్దు వాలే వేళకు గీకుడుబండి వచ్చింది. తాబేలులాంటి వీపు మీద అద్దపు పలకలు, కింద గీకుడు కత్తి, కత్తికి ముందు నేలను తట్టుకుంటూ పోయే ఇనుపనాలుక. రోజూ చూసే బండే. షెడ్డు దగ్గర ఆగింది. నాలుక నేలను రెండుసార్లు తట్టింది. బాట వదిలి మైదానంలోకి తిరిగింది. నా బండచుట్టూ శుభ్రంగా ఒక గుండ్రం గీకింది. ఆ తర్వాత కాశిం రేగుచెట్టు చుట్టూ గీకింది. మళ్లీ బాటెక్కి, ఏమీ జరగనట్టు పోయింది.

కాశిం పాట ఆగిపోయింది. "ఒసే సుంకీ," అన్నాడు, "నేను ఎగతాళికి తిరిగినా మే. అది నిజమనుకునె."

బండి రాకముందే చీపురుకొమ్మతో మా చక్రాల గుర్తులు ఊడ్చి ఉంచాను. లాభం లేదు. అది చూసేది గుర్తుల్ని కాదు, అణిగిన నేలను. బోడినేల మీద పది చక్రాలు చాలు. గడ్డి ఉన్నచోట నలభై. చక్రం ఎక్కువ పోయిన చోటే దానికి బాట.

ఇక రాయాల్సింది రాస్తాను. వేలు కొరుక్కుంటూ అయినా రాస్తాను.

అగ్గిబాట బయటి అంచున ముప్పయ్యొక్క రాళ్లున్నాయి, ప్రతి మలుపులో ఒకటి. పూర్వం ఒక ఆచారం ఉండేది. రౌతు ప్రతి రాయి దగ్గరికీ పోయి, ముందుచక్రాన్ని దానికి తాకించి, "ఉన్నావా?" అని అడిగి ముందుకు పోవాలి. నేను జట్టులో చేరి మూడు నెలలైనా కాకముందే దాని మీద కరపత్రం రాశాను. ఆరు ప్రతులు, చేత్తోనే. పేరు "రాయికి చక్రం మొక్కాలా?" శ్రమ చేసే మనిషి రాతికి జవాబుదారీ కాదన్నాను. ఓటు పెట్టించాను. నేను కాక నలుగురు నా వైపు, పీరమ్మత్తా మద్దిలేటి మామా అటువైపు. గెలిచాను.

పది నెలలు. రాళ్ల దాకా పోవలసిన పని లేకపోయేసరికి అందరం మలుపుల్ని లోపలినుంచి కోసుకుంటూ తొక్కాం. అందరికంటే ఎక్కువ కోసింది నేను. ఎక్కడెక్కడ కోయొచ్చో మిగతావాళ్లకు చూపించింది కూడా నేనే.

కొండను అంచుల్నించి కోసుకుపోతున్నదెవరో తెలిసింది.

చుట్టు 415. సగంలో ఆపాను. మీటరు చూడలేదు.

పొద్దున్నే మోకాలి మలుపుకు పోయాను. పంతొమ్మిదో రాయి మలుపు అది. కొండ అక్కడ మోకాలు ముడిచినట్టు బయటికి పొడుచుకొస్తుంది. పాతబాట ఆ మోకాలి చుట్టూ తిరిగేది. మేం నడుమ పల్లం గుండా అడ్డంగా పోవడం మొదలుపెట్టి పది నెలలు. ఇప్పుడు పల్లమే అగ్గిబాట. పాతబాట సీమతుమ్మలో కలిసిపోయింది.

మోకాలి కొసన మద్దిలేటి మామ ఇల్లు. ఓటు రోజున "రాళ్లు తాకకుండా తొక్కేది నాకు రాదు" అని సైకిలు దించి, ఇక్కడికొచ్చి మేకలు పెట్టుకున్నాడు. ఇంటి వెనక ఊట. రోజూ మేం సీసాలు నింపుకునేది అక్కడే. పది నెలలుగా ఆ ఊటకు పోవడానికి అగ్గిబాట దాటి బయటికి పోతున్నాం. ఆ సంగతి ఒక్కరికీ, ఒక్కరోజూ తట్టలేదు. గీతకు బయట ఎవరూ ఇల్లు కట్టరు. మామా కట్టలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది, గీత వెనక్కి పోయింది.

మామ మేకకు ఆకు వేస్తున్నాడు. అంతా చెప్పాను. 

"అట్లనా," అన్నాడు.

"అట్లనా ఏంది మామా! నీ ఇల్లు బయట ఉంది! ఏ రోజైనా బూర మోగొచ్చు!"

"గీత లోపల కట్టినా పాపా. లోపలే ఉంటా."

"రాళ్లు ఎందుకు తాకాలో ఆ రోజే చెప్పి ఉంటే నేను ఓటు పెట్టించేదాన్నా? నోరెందుకు మూసుకున్నావు?"

"నాకు ఎరుకైతే గదా చెప్పేది. మా అత్త తాకమనె. తాకితి."

"ఇరవై రెండేళ్లు ఎందుకో తెలియకుండానే తాకావా?"

మామ ఆకుమోపు కిందపెట్టి నన్ను చూశాడు. "నువ్వు పది నెలలు ఎందుకో తెలీకుండానే తాకకపోతివి గదా."

 ఆ మాటకు జవాబు నా పద్నాలుగు కరపత్రాల్లోనూ లేదు.

అప్పుడే షెడ్డు స్తంభం మీద బూర మోగింది. మూడు ఆమడల కొండ మొత్తం వినబడేలా, పొడుగ్గా. బూర మోగాక ఐదో రోజు పొద్దున అగ్గిపిట్టలు లేస్తాయి. నిన్న షెడ్డు దాటిన గీకుడుబండి మోకాలి మలుపుకు వచ్చేది రేపు సాయంత్రం. మళ్లీ వచ్చేసరికి పిట్టలు పని ముగించి ఉంటాయి.

"మామా, మేకల్ని తోలుకుని లోపలికి రా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు యాల పాపా, సైకిలు పట్టుకో," అని మామ ఇంట్లోకి పోయాడు. గోనెపట్టా లాగిన చప్పుడు వినిపించింది.

నేను షెడ్డుకు తొక్కాను. ఎంత తొందరగా వచ్చానో రాసుకోలేదు.

ఐదుగురి ముందూ నిలబడి చెప్పాను: తప్పు నాది, కరపత్రం నాది, ఓటు నాది. కాశిం మాత్రం, "ఓటు చేతులు మావి గూడ గదా," అని గొణిగాడు.

పీరమ్మత్త నేల మీద బొగ్గుతో గీత గీసింది. పన్నెండు మలుపులు లోపలికి జరిగాయి. అందులో రేపూ ఎల్లుండీ బండి రానున్నవి రెండు. మనుషులం ఆరుగురం, సైకిళ్లు ఆరు, ట్యూబులు పదకొండు. పాతబాట మీద ముళ్లు కొట్టి, కనీసం అరవై చక్రాలు పోవాలి. మోకాలి చుట్టు ఒక్కటే పన్నెండు వందల మీటర్లు. అది చేస్తే ఇంకో మలుపుకు ట్యూబులుండవు. దాని తర్వాత బండి పోయేది ఇరవయ్యారో రాయికి. అక్కడి బయటి అంచున కుంకుడుతోపు. పీరమ్మత్త తల్లి నాటింది, పీరమ్మత్త నీళ్లు మోసింది. పల్లె మొత్తం తలంటుకునేది ఆ కాయలతోనే.

 పీరమ్మత్తే బొగ్గు పెట్టి పంతొమ్మిది చుట్టూ సున్నా చుట్టింది.

"ఇల్లు ముందు," అంది. తర్వాత నా వైపు తిరిగి, "కుంకుడుచెట్టు నాటినాక ఎన్నేండ్లకు కాస్తాదో నీ కాగితాల్లో రాసిండాదా మే?" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని.

చుట్టు లేదు. మోకాలి మలుపు, అరవై ఏడు సార్లు.

తెల్లవారుతూనే కొడవళ్లు పట్టాం. పది నెలల సీమతుమ్మ మనిషెత్తు పెరిగింది. పాతబాట ఎటు పోయేదో మాలో ఒక్కరికీ గుర్తు లేదు. నాలుగొందల చుట్లు తొక్కిన దాన్ని, నాకూ లేదు. నేను ఎప్పుడూ మలుపు లోపలి అంచునే చూసేదాన్ని.

మామ సైకిలు తెచ్చాడు. చైను తుప్పు. హ్యాండిలుకు మేకతాడు. ఎక్కి, పొదల్లోకి నేరుగా తొక్కాడు. ముల్లు చొక్కా చింపింది, చెవి గీరింది, ఆగలేదు. కొంతదూరం పోయాక ఠక్కుమని చక్రం రాతికి తగిలిన చప్పుడు.

"ఉన్నావా?" అన్నాడు మామ పొదలోంచి.

పరిగెత్తి చూశాను. గడ్డిలో మోకాలెత్తు రాయి. 19 అంకె.

ఆయన తొక్కినచోటల్లా మేం కొట్టాం. కొట్టినచోటల్లా తొక్కాం. పదింటికి మొదటి పంక్చరు. మధ్యాహ్నానికి పదకొండు ట్యూబులూ అయిపోయాయి. టైర్లలో ఎండుగడ్డి కుక్కి తొక్కాం. గడ్డి నింపిన టైరు మీద తొక్కడమంటే ఇసుకలో బండరాయిని దొర్లించడమే. రాయి దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ చక్రం తాకించి ముందుకు పోయారు. మొదటిసారి చక్రం మాత్రం తాకించాను. రెండోసారి "ఉన్నావా" అన్నాను. నా వెనకున్న కాశిం, "ఉన్నా మే, యాడికి పోతా," అన్నాడు రాయి బదులు. నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లూ వచ్చాయి. ముల్లు గుచ్చుకుందని చెప్పాను.

లెక్క మామ చెప్పాడు, మేకపెంటికలు ఒక్కొక్కటీ పక్కన పెడుతూ. అరవై ఏడు.

సాయంత్రం గీకుడుబండి చప్పుడు వినిపించింది. పాతబాటా అడ్డదారీ చీలే చోట అందరం పక్కకు జరిగాం. మామ మాత్రం పోయి తన గడపలో కూర్చున్నాడు. రమ్మంటే రాలేదు.

బండి చీలిక దగ్గర ఆగింది. నాలుక అడ్డదారిని తట్టింది. అక్కడ ఇరవై చక్రాలు పోయిన నేల, పది నెలలు గీకి గట్టిపడిన నేల. బండి ఒక మూర అటు కదిలింది. పీరమ్మత్త నా మణికట్టు పట్టుకుంది. బండి మళ్లీ ఆగింది. నాలుక ఇటు తట్టింది. మళ్లీ అటు. మళ్లీ ఇటు. నా బతుకులో నేను ఎవరికీ మొక్కలేదు. అప్పుడు కూడా మొక్కలేదు. 

అది ఇటు తిరిగింది.

మోకాలి చుట్టూ, పంతొమ్మిదో రాయిని ఆనుకుని, మామ గడపకు పది బారల అవతలగా గీక్కుంటూ పోయింది. మామ కూర్చున్నచోటినుంచే చెయ్యెత్తి దానికి దారి చూపించాడు, తప్పిపోయిన మేకకు చూపించినట్టు.

చుట్టు 419. తిరుగుళ్లు 17,986. పంక్చర్లు రాయడం మానేశాను. పొగ ఉంది.

ఉప్పుబండివాడి దగ్గర ట్యూబులు దొరికాక, తర్వాతి మూడు రోజుల్లో ఇంకో మూడు మలుపులు తిప్పగలిగాం. ఎనిమిది తిప్పలేకపోయాం.

పొద్దున్నే అగ్గిపిట్టలు లేచాయి. ఏటా చూసేదే, చప్పట్లు కొట్టి చూసేదాన్ని. ఇవాళ చూడలేకపోయాను, చూడకుండా ఉండలేకపోయాను. అవి గీత వెంబడి బారుగా ఎగిరి, బయటివైపు ఒక్కొక్క నిప్పుబొట్టు వదిలాయి. మామ ఇంటి ముందు బొట్టు పడింది, బాట అవతల. గీత దాటలేదు. మేకలు అరిచి ఊరుకున్నాయి.

ఇరవయ్యారో రాయి దగ్గర కుంకుడుతోపు కాలింది. పచ్చిచెట్టు తొందరగా అంటుకోదనుకున్నాను. అంటుకుంది. పీరమ్మత్త బాట మీద నిలబడి చివరిదాకా చూసింది. నేను పక్కన నిలబడ్డాను. పొమ్మనలేదు, రమ్మనలేదు. చివర్న కొంగు చివర ముడి విప్పి చూపించింది. గుప్పెడు కుంకుడుగింజలు.

"నీళ్లు నువ్వు మోస్తావు," అంది.

"మోస్తానత్తా."

చుట్టు 420. తిరుగుళ్లు 17,986. పొగ ఆరింది.

మోకాలి మలుపులో సైకిలు ఆపి, మామా నేనూ బయటికి చూస్తూ నిలబడ్డాం. పిట్టలు కాల్చిన మేర గడ్డీ పొదా లేదు, నేల నున్నగా నల్లగా కనిపిస్తోంది. ఏటా కాలుస్తాయి, ఏటా మేం బాట లోపలి అంచు చూసుకుంటూ పోయేవాళ్లం. ఎప్పుడూ ఇటు చూడలేదు.

"మామా, అదేంది?"

బూడిదలో ఒక రాయి. దాని తర్వాత, కొంత దూరంలో, ఇంకొకటి. దాని తర్వాత ఇంకొకటి. కొండ ఒంపు వెంబడి వరసగా, ప్రతి మలుపుకు ఒకటి.

దిగిపోయాం. బూట్ల కింద బూడిద ఇంకా వేడిగా ఉంది. మా రాళ్లకంటే పాతవి అవి, మూలలు అరిగినవి. 19 అంకె ఉంది. అంకె కింద మాటలు చెక్కి ఉన్నాయి. మసి తుడిచి చదివాను. మామకు చదువు రాదు కాబట్టి గట్టిగా చదివాను.

"చక్రం పోయినంత మేరే గీత. అందుకే తాకిపో."

రెండుసార్లు చదివాను. 

కారణం రాసే ఉంది. ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. ఆ తర్వాత ఇంకెవరో రాళ్లు తాకడం మానేశారు. గీత లోపలికి జరిగింది. జరిగిన గీత మీద కొత్త రాళ్లు పాతినవాళ్లు అంకెలు చెక్కుకున్నారు, మాటలు బయటే వదిలేశారు.

ఆ రాయికీ మా బాటకీ నడుమ బూడిదలోంచి తేలిన గోడల మొదళ్లు. ఒకటి, రెండు, లెక్కపెట్టాను, ఏడు ఇళ్లవి. ఒకదాని ముందు రోలు, రెండుగా పగిలి. గీతకు బయట ఎవరూ ఇల్లు కట్టరు.

నేను ఆ రోలు పక్కన కూర్చుండిపోయాను. 

"ఏడుస్తావేల," అన్నాడు మామ. "నువ్వు మొదటిదానివి కాదులే. నీకంటే తెలివైనోళ్లు శానామంది ఉండినారు."

అది ఓదార్పో తిట్టో ఇప్పటికీ తెలియలేదు. ఆయన కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా బయటికి, మంట ఆగిన చోటికి అవతలికి చూశాడు. గడ్డిలోంచి ఏదో మొన తేలి ఉంది. రాయిలాగే ఉంది.

చుట్టు 655. తిరుగుళ్లు 18,251. పంక్చరు లేదు. పొగ లేదు.

మళ్లీ ఓటు పెట్టమన్నాను. పెట్టారు. ఆరుకు ఆరు. ఈసారి కరపత్రం రాయలేదు. సుత్తీ ఉలీ తీసుకుని ముప్పయ్యొక్క రాళ్ల మీదా ఆ రెండు మాటలూ చెక్కాను. ఏడు నెలలు పట్టింది. అరచేతులు కాయలు కాశాయి. నేను రాతికి మొక్కే మనిషిని ఇప్పటికీ కాను. దాన్ని తాకేది అంచున ఇల్లు ఉన్నవాళ్ల కోసం.

వానలకు బూడిదనేల మెత్తబడ్డాక అన్ని మలుపులూ పాత చోటికి తెచ్చాం. అక్కడితో ఆగలేదు. కాశిందే ఆ ఆలోచన, ఒప్పుకుంటున్నాను: రోజుకు ఒక బెత్తెడు రాయికి బయటినుంచి తొక్కుదాం అన్నాడు, ఆ ఏడు ఇళ్ల దాకా. మామ తిరుగుళ్లకంటే ఇవాళ పదకొండు ఎక్కువ. కుంకుడుమొలకలు పద్దెనిమిది బతికాయి. తొమ్మిదేళ్లకు కాస్తాయట. పీరమ్మత్తనే అడిగి తెలుసుకున్నాను.

షెడ్డుకు అందరికంటే చివర చేరాను. ఐదు గంటల పది నిమిషాలు.